భావనపాడు ఇసుక, మూతపడిన ప్రయోగశాల: అధికారులకు, శాస్త్రవేత్తలకు ఒక బహిరంగ లేఖ

రాష్ట్రంలో ఉన్నత విద్యా వ్యవహారాలు చూస్తున్న అధికారులకు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని విశ్వవిద్యాలయాల, డిగ్రీ కళాశాలల పాలకులకు, దేశంలో కణాలకు వేగమిచ్చే యాక్సిలరేటర్ కేంద్రాల్లో పనిచేస్తున్న అణుకేంద్రక శాస్త్రవేత్తలకు

ఆర్యా, నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ లేఖలోని సంగతినే 2019లో, 2022లో, మళ్లీ 2024లో విన్నపాలుగా రాసి, సంబంధిత కార్యాలయాలకు స్వయంగా వెళ్లి ఇచ్చి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకున్నాను. మొదటిదానికి "పరిశీలనలో ఉన్నది" అన్న ఒక్క వాక్యం వచ్చింది. తరువాతి రెండింటికి ఆ వాక్యం కూడా రాలేదు. అందువల్ల ఇప్పుడు పదిమందీ చదివేలా రాస్తున్నాను.

సంగతి ఇది. ప్రకృతిలో నిలకడగా దొరకని అరుదైన ఐసోటోపులను (ఒకే మూలకానికి న్యూట్రాన్ల లెక్కలో తేడా ఉన్న రూపాలను) తయారుచేసి, వాటిని తక్కువ శక్తి గల పుంజాలుగా, అంటే కణాల ధారలుగా మలిచి, పరమాణు కేంద్రకం ఎలా కట్టబడి ఉందో తెలుసుకునే పరిశోధన ఈనాడు జెనీవాలో, మిషిగన్‌లో, వాంకూవర్‌లో, జపాన్‌లోని వాకో నగరంలో, మన ఢిల్లీ, కోల్‌కతాల్లో నడుస్తోంది. అక్కడికి పోయే దారికి మొదటి మెట్టు డిగ్రీ కళాశాల బల్లమీద ఉండే, గామా కిరణాలను పట్టి లెక్కించే ఒక చిన్న గామా డిటెక్టరు. నేను పనిచేసిన చోట ఆ మెట్టు ఊడిపోయి ఏడేళ్లయింది. దాన్ని మళ్లీ కట్టమని అడగడానికే ఈ లేఖ.

ముందుగా ఆ పరికరం గురించి చెప్పనివ్వండి. పిడికిలి అంత సోడియం అయొడైడ్ స్ఫటికం, దానికి అల్యూమినియం తొడుగు, వెనక స్ఫటికంలో పుట్టే వెలుగును కరెంటు సంకేతంగా పెంచే ఒక ఫోటోమల్టిప్లయర్ గొట్టం, దానికి కరెంటు ఇచ్చే హైవోల్టేజి పెట్టె, చుట్టూ పేర్చడానికి సీసపు ఇటుకలు, గామా కిరణాల శక్తిని బట్టి లెక్క విడదీసి తెరమీద చూపే మల్టీచానల్ ఎనలైజరు. ఇంతే. ఏటా శీతాకాలంలో, పోటు తీసిన తరువాత తీరంలో నల్లటి చారలుగా మిగిలే ఇసుకను తెమ్మని సముద్రపు ఒడ్డు ఊళ్ల పిల్లలకు చెప్పేవాణ్ణి. ఒక ఏడాది భావనపాడు వైపు నుంచి వచ్చే ఒక మత్స్యకార కుటుంబపు అమ్మాయి హార్లిక్స్ సీసాలో అర కిలో ఇసుక తెచ్చింది. సీసాను డిటెక్టరుకు ఆనించి, ఇటుకలు పేర్చి, మెయిన్ ఆపవద్దని వాచ్‌మన్‌కు చెప్పి రాత్రంతా వదిలేశాము. పొద్దున్న తెరమీద ఎడమ వైపు గుంపుగా ఎన్నో శిఖరాలు, కుడివైపు చాలా దూరాన ఒంటరిగా ఒకటి. ఆ అమ్మాయి దానిమీద వేలు పెట్టి, "ఇదేటి మాస్టారూ, అన్నీ ఒకపక్కన ఉంటే ఇదొక్కటీ ఇంత దూరం వచ్చీసి నిలబడిపోనాది?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు ఆ సంవత్సరమంతా పట్టింది. మా తీరపు నల్ల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, మోనజైట్‌లో థోరియం ఉంది. థోరియం-232 అర్ధజీవితం, అంటే ఉన్నదానిలో సగం తగ్గడానికి పట్టే కాలం, సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు. అది మెట్టు మెట్టుగా రేడియంగా, రాడాన్‌గా, మరికొన్నిగా మారుతూ చివరకు సీసం-208 దగ్గర ఆగుతుంది. ఆగడానికి ముందు కొంత భాగం మూడు నిమిషాలపాటు బతికే థాలియం-208 రూపంలో ఉంటుంది. అందులో 81 ప్రోటాన్లు, 127 న్యూట్రాన్లు. ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారగానే 82, 126 అవుతాయి. ఆ రెండూ 2, 8, 20, 28, 50, 82, 126 అనే వరసలోని మ్యాజిక్ సంఖ్యలు. అలాంటి సంఖ్య పడినచోట కేంద్రకం బిగిసిపోతుంది, దాన్ని మొదటి మెట్టు ఎక్కించడానికే చాలా శక్తి కావాలి. సీసం-208కు ఆ మొదటి మెట్టు 2,615 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తున ఉంది. అక్కడినుంచి దిగేటప్పుడు వెలువడే గామా కిరణమే తెరమీద దూరంగా నిలబడిన ఆ శిఖరం. అదే సీసాలో ఉన్న థోరియం-232కు మొదటి మెట్టు 49 దగ్గరే ఉంది. ఒకే గుప్పెడు ఇసుకలో చాలా బిగువైన కేంద్రకమూ, తేలిగ్గా కదిలిపోయేదీ పక్కపక్కనే ఉన్నాయన్నమాట. మారియా గోపర్ట్ మేయర్, హన్స్ యెన్సెన్ 1949లో ఈ బిగువుకు కారణం చెప్పారు, 1963లో అందుకు నోబెల్ బహుమతి పొందారు. మా విద్యార్థులు ఆ కారణాన్ని పుస్తకంలో చదవకముందే సీసాలో చూశారు.

అరుదైన ఐసోటోపుల పరిశోధన సరిగ్గా ఈ ప్రశ్ననే ముందుకు తీసుకుపోతుంది. నిలకడగా ఉండే కేంద్రకాలు దాదాపు 250, ఇంతవరకు మనిషి చూసినవి మూడు వేల పైచిలుకు, ఉండగలవని సిద్ధాంతం చెప్పేవి సుమారు ఏడు వేలు. మన పాఠాలన్నీ ఆ 250 ఆధారంగా రాసుకున్నవి. మరి న్యూట్రాన్లు మితిమీరి పోగైన చోట కూడా ఆ మ్యాజిక్ సంఖ్యలు నిలుస్తాయా? అన్నిచోట్లా నిలవవని 1970లలోనే జెనీవాలోని సెర్న్ ప్రయోగశాలలో సోడియం ఐసోటోపుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. 20 న్యూట్రాన్లున్న సల్ఫర్-36కు మొదటి మెట్టు 3,291 దగ్గర ఉంటే, అవే 20 న్యూట్రాన్లున్న మెగ్నీషియం-32కు 885 దగ్గరే కనబడింది. ఎనిమిది ప్రోటాన్లు, ఇరవై న్యూట్రాన్లు గల ఆక్సిజన్-28 రెండు విధాలా మ్యాజిక్ అయి బిగువుగా ఉంటుందని చాలామంది అనుకున్నారు. 2023లో జపాన్ రైకెన్ పరిశోధన సంస్థలో చూస్తే అది క్షణమైనా నిలవకుండా విడిపోయింది. అదే రైకెన్‌లో 2019లో, రెండు విధాలా మ్యాజిక్ అయిన నికెల్-78ని చూసినప్పుడు మాత్రం మొదటి మెట్టు 2,600 దగ్గర దొరికింది. ఆ అంకె చదివిన రోజు నాకు భావనపాడు ఇసుక గుర్తుకు వచ్చింది.

అన్నిటికన్నా నాకు ప్రియమైనది లిథియం-11. వానకారు రాత్రుల్లో చంద్రుడికి వరదగుడి కట్టడం మన పల్లెల్లో అందరూ చూసినదే. ఈ కేంద్రకానికీ అలాగే గుడి కడుతుంది. లోపల లిథియం-9 ఉంటుంది, దానికి చాలా ఎడంగా రెండు న్యూట్రాన్లు పలచగా పరచుకుని ఉంటాయి. ఆ రెండింటిలో ఏ ఒక్కటి పోయినా రెండోది నిలవదు. ఉన్నవి పదకొండు కణాలే అయినా దాని విస్తారం 208 కణాలున్న సీసంతో పోల్చదగినది. ఇసావో తానిహాతా బృందం 1985లో అమెరికాలోని బర్క్‌లీలో ఈ సంగతి కనిపెట్టింది. దాని ఆయుష్షు సెకనులో నూరోవంతు కన్నా తక్కువ. అంతలోనే దాన్ని పట్టి, వేరుచేసి, కొలవాలి.

తక్కువ శక్తి ఎందుకు అని పిల్లలు అడిగేవారు. మితిమీరిన వేగంతో గుద్దితే కేంద్రకం పగిలి ముక్కలవుతుంది, దాని లోపలి అమరిక తెలియదు. రెండు కేంద్రకాలు ఒకదానికొకటి కేవలం తగిలేంత మెల్లగా వస్తే, ఒక న్యూట్రాన్ అటునుంచి ఇటు మారడమో, ఒక మెట్టు ఎక్కి దిగడమో స్పష్టంగా కనబడుతుంది. నక్షత్రాల్లో జరిగే చర్యలు కూడా ఇంతకన్నా మెల్లగా జరిగేవే. ఇటువంటి పుంజాలను రెండు పద్ధతుల్లో తయారుచేస్తారు. సెర్న్‌లో 1967 నుంచి నడుస్తున్న ఐసోల్డే అనే కేంద్రంలో యురేనియం కార్బైడ్ వంటి మందపాటి లక్ష్యాన్ని రెండు వేల డిగ్రీల దాకా కాచి, దానిమీద ప్రోటాన్లు కురిపిస్తే, లోపల పుట్టిన పరమాణువులు ఆవిరిలా బయటికి వస్తాయి. వాటిని అయాన్లు చేసి, అయస్కాంతంతో బరువును బట్టి వేరుచేసి, మళ్లీ వేగం ఇస్తారు. పలాస జీడి కార్ఖానాల్లో మన ఆడవాళ్లు కాల్చిన గింజను ఒలిచి, పప్పును డబ్ల్యూ-210, డబ్ల్యూ-320 అని గ్రేడులుగా విడదీస్తారు కదా, ఆ ఓర్పు ఇక్కడ అయస్కాంతానిది. రెండో పద్ధతిలో బరువైన కేంద్రకాన్నే వేగంగా పలచని లక్ష్యం మీదికి పంపి, ముందుకు దూసుకుపోయే ముక్కలను వేరుచేసి, హీలియం వాయువులో ఆపి, కావలసినంత వేగం మళ్లీ ఇస్తారు. మిషిగన్‌లో 2022 మే నెలలో మొదలైన ఎఫ్‌రిబ్ కేంద్రం అలా నడుస్తుంది.

ఇది మన దేశానికి అందని పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. విశ్వవిద్యాలయాల కోసమే యూజీసీ 1984లో నెలకొల్పిన ఢిల్లీ కేంద్రంలో, ఇప్పుడు ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ అంటున్నచోట, పెల్లెట్రాన్ అనే యాక్సిలరేటర్ నుంచి వచ్చిన లిథియం-7 పుంజంతో 1990లలోనే బెరీలియం-7 పుంజం తయారుచేశారు. ఏభై మూడు రోజుల అర్ధజీవితం గల ఆ బెరీలియం సూర్యుడి లోపల ఒక ప్రోటాన్‌ను పట్టుకుని బోరాన్-8 అవుతుంది. భూమిమీద మనం పట్టుకోగలిగిన శక్తిమంతమైన సౌర న్యూట్రినోలు (సూర్యుడి నుంచి వచ్చే అతిసూక్ష్మ కణాలు) ఆ బోరాన్ నుంచి వచ్చినవే. ఆ చర్య ఎంత వేగంగా జరుగుతుందో అంచనా కట్టడానికి ఢిల్లీలో ఆ పుంజంతోనే ప్రయోగం చేసి 2006లో ఫలితం ప్రచురించారు. మార్చిలోను, అక్టోబరులోను అరసవల్లి స్వామి పాదాల మీద పడే కిరణాన్ని చూడడానికి తెల్లవారకముందే క్యూలో నిలబడే మా జిల్లా పిల్లలకు, ఆ సూర్యుడి గర్భంలోని ఒక చర్యను మన దేశంలోనే కొలిచారని చెప్పేవారు ఎంతమంది ఉన్నారు? మన దేశంలో చదువుకున్న రీతుపర్ణ కనుంగో కెనడా నుంచి పనిచేస్తూ 2009లో ఆక్సిజన్-24 కొత్త మ్యాజిక్ కేంద్రకమని చూపించిన బృందానికి ముందు నిలిచారు. గోదావరి జిల్లాలో పుట్టి సన్యాసం తీసుకున్న స్వామి జ్ఞానానంద విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అణుకేంద్రక ప్రయోగశాలను నిలబెట్టారు. ఆయన పేరుతో ఆ ప్రయోగశాల నేటికీ ఉంది. అది మాకు వంద కిలోమీటర్ల దూరం.

ఇక మా డిటెక్టరుకు ఏమైందంటే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటిన తెల్లవారుజామున కిటికీ రెక్క ఊడి, గదిలోకి వాన కొట్టింది. సోడియం అయొడైడ్ మన వంటింటి ఉప్పులాగే తేమను పీలుస్తుంది. తొడుగు అంచు దగ్గర నీరు చేరి స్ఫటికం పసుపు రంగుకు తిరిగింది, హైవోల్టేజి పెట్టె కాలిపోయింది. తుపాను నష్టాల జాబితాలో బెంచీలు, ఫ్యాన్లు ఎక్కాయి కానీ డిటెక్టరు ఎక్కలేదు, ఎందుకంటే జాబితా రాసినవారికి అదేమిటో తెలియదు. ఆ తరువాత డిగ్రీలో ఒకే మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి వచ్చింది. మూడు సబ్జెక్టులు సమానంగా చదివే రోజుల్లో గణితం కోసం వచ్చినవారు కూడా భౌతికశాస్త్రపు రుచి చూసేవారు. కొత్త పద్ధతిలో దరఖాస్తు నాడే దాన్ని ఎంచుకోవలసి వచ్చింది. ఎంచుకున్నవారు తక్కువయ్యారని మా కళాశాలలో సెక్షను ఆపారు, ఆపాక ప్రయోగశాలను పాత రికార్డులు పెట్టుకునే గదిగా మార్చారు. అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో 2010లో టిన్-132 పుంజంతో గొప్ప ప్రయోగం చేసిన కేంద్రాన్ని కూడా 2012లో మూసేశారు, నిజమే. కానీ అప్పటికే మిషిగన్‌లో దానికన్నా పెద్దదానికి ఏర్పాట్లు సాగుతున్నాయి. మాకు మూసినదానికి బదులు ఏదీ రాలేదు.

దీనివల్ల మామూలు జనానికి జరుగుతున్నదేమిటో వివరిస్తాను.

1. కొవ్వాడ. రణస్థలం మండలంలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన ఎన్నో ఏళ్లుగా ఉంది. అది రావాలా వద్దా అన్నది ఈ లేఖలో నేను తేల్చబోవడం లేదు. కానీ అక్కడి జనం అడిగే మొదటి ప్రశ్న, "ఆపేస్తే ఆగిపోతుందా?" అన్నది, అచ్చంగా అరుదైన ఐసోటోపుల ప్రశ్న. యురేనియం చీలినప్పుడు పుట్టే ముక్కలన్నీ న్యూట్రాన్లు ఎక్కువైన, నిలకడ లేని కేంద్రకాలే. గొలుసు చర్యను ఆపినా అవి విడిపోతూ వేడి ఇస్తూనే ఉంటాయి. ఆపిన క్షణాన ఆ వేడి పూర్తి ఉష్ణశక్తిలో 6 నుంచి 7 శాతం. 3,400 మెగావాట్ల ఉష్ణశక్తి గల రియాక్టరులో అది 200 మెగావాట్లు దాటుతుంది. 2011లో ఫుకుషిమాలో రియాక్టర్లు ఆగాయి, ఈ వేడిని తీసేసే పంపులకు కరెంటు ఆగింది, దానితో ప్రమాదం జరిగింది. ఈ వేడిని ముందుగా లెక్కకట్టాలంటే ఏ ముక్క ఎంత గామా శక్తి, ఎంత బీటా శక్తి ఇస్తుందో విడివిడిగా తెలియాలి. పాత కొలతల్లో బలహీనమైన గామా కిరణాలు తప్పిపోయి లెక్క తేడాగా వచ్చేది. ఫిన్లండ్‌లోని యువాస్కులా విశ్వవిద్యాలయంలో టెక్నీషియం ఐసోటోపులను తక్కువ శక్తి పుంజంగా వేరుచేసి, సోడియం అయొడైడ్ స్ఫటికం మధ్యలో ఉంచి, వెలువడిన గామా శక్తినంతా ఒక్కచోటే పట్టి కొలిచి, ఆ తేడాను చాలావరకు సరిచేశారు. ఆ ఫలితం 2010లో వచ్చింది. ఓక్‌రిడ్జ్‌లో ఇదే పనికి వాడిన డిటెక్టరులో ఒక టన్ను సోడియం అయొడైడ్ ఉంది. మా గదిలో పసుపు పట్టి పడి ఉన్నది కూడా ఆ పదార్థమే. కొవ్వాడ పక్క ఊరి కుర్రవాడు ఈ లెక్క తానే అర్థం చేసుకుని తన ఊరివాళ్లకు చెప్పగలిగిన రోజున ప్రజాభిప్రాయ సేకరణ అన్న మాటకు అర్థం ఉంటుంది. ఇప్పుడు అధికారి చెప్పినదాన్ని నమ్మడమో, కరపత్రం చెప్పినదాన్ని నమ్మడమో తప్ప వారికి మూడో దారి లేదు.

2. తీరపు ఇసుక. భావనపాడు, కళింగపట్నం ఇసుకలో థోరియం ఉందన్న మాట అందరి చెవినా పడింది. ఎంత ఉంది, దానివల్ల ఎంత రేడియేషన్, ఇంటి పునాదిలో ఆ ఇసుక పోస్తే ఏమవుతుంది అన్నది పరికరం పెట్టి చూపించేవారు లేరు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు మూలం ఇదమిత్థమని ఇంకా తేలలేదు. తేలనిచోట ప్రతి అనుమానమూ నిజంలాగే తిరుగుతుంది, అందులో ఇసుక రేడియేషన్ ఒకటి. నేను ఆ రెంటికీ సంబంధం ఉందని అనడం లేదు. అడిగినవాడి పెరట్లో డిటెక్టరు పెట్టి, "ఇదిగో ఇంత" అని చెప్పగల చదువుకున్న పిల్లలు ఆ మండలాల్లోనే ఉండాలంటున్నాను. 2013లో ఐసోల్డేలో పుంజంగా మలిచి, రేడియం-224 కేంద్రకం జామపండులా ఒకవైపు ఉబ్బి ఉందని కనుగొన్నారు. ఆ రేడియం-224 మా ఇసుకలో ప్రతి క్షణం పుడుతోంది, మూడున్నర రోజుల అర్ధజీవితంతో పోతోంది. జెనీవాలో అంత శ్రమపడి చూసినదాని పుట్టిల్లు మా ఒడ్డునే ఉన్నా, మా పిల్లలకు దాని గురించి తెలిసింది భయం ఒక్కటే.

3. వైద్యం. థైరాయిడ్ క్యాన్సరుకు ఇచ్చే అయొడిన్-131, స్కానింగుకు వాడే టెక్నీషియం-99ఎం రెండూ 1938లో బర్క్‌లీలో కనుగొన్న ఐసోటోపులు. ఇప్పుడు టెర్బియం ఐసోటోపులను ఐసోల్డే వంటి కేంద్రాల్లో వేరుచేసి క్యాన్సరు వైద్యానికి పరీక్షిస్తున్నారు. మా జిల్లాల్లో ఈ వైద్యం అవసరమైనవారు విశాఖపట్నం పోతారు. ఇచ్ఛాపురం నుంచి అది రెండు వందల కిలోమీటర్ల పైనే. మా బంధువు ఒకావిడ అయొడిన్ వైద్యం చేయించుకుని ఇంటికి తిరిగివచ్చాక మూడు నెలలపాటు ఆవిడ తాగిన గ్లాసును ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. పక్కింటివారు పిల్లలను పంపడం మానేశారు. అయొడిన్-131 అర్ధజీవితం ఎనిమిది రోజులు, వైద్యులు చెప్పిన కొద్దిరోజుల జాగ్రత్త చాలు, ఎనభై రోజులకు వెయ్యోవంతు కూడా మిగలదని చెబితే ఆ మూడు నెలల ఏడుపు తప్పేది. ఆ ఊళ్లో బీఎస్సీ చదివినవారు ఉన్నారు, కానీ అర్ధజీవితాన్ని కళ్లతో చూసినవారు లేరు.

4. పాత పరికరాలు. 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారుకు ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాల వేలంలో అమ్మిన పరికరం చేరింది. అందులో కోబాల్ట్-60 ఉందని ఎవరికీ తెలియలేదు. దాన్ని విప్పినవారు జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. డిగ్రీ కళాశాలల్లో క్రమాంకనం కోసం, అంటే డిటెక్టరు చూపే అంకెలను సరిచూసుకోవడానికి ఉంచే సీజియం, కోబాల్ట్ బిళ్లలు అంత ప్రమాదకరం కావు, చాలా బలహీనమైనవి. అయినా ప్రయోగశాల మూసి, తెలిసినవాడు రిటైరై, బీరువా తాళం మరొకరి చేతికి వెళ్లినప్పుడు, ఆ బిళ్లలు ఎక్కడ ఉన్నాయో రాసిపెట్టిన పుస్తకం కూడా పాత కాగితాల్లో కలిసిపోతుంది. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు, కళ్లారా చూసినది.

5. పిల్లలు. 2,615 దగ్గర వేలు పెట్టి అడిగిన ఆ అమ్మాయి ఎమ్మెస్సీ చేయాలనుకుంది. ఇంటి పరిస్థితి వల్ల డిగ్రీతో ఆగి, ఇప్పుడు ఒక ప్రైవేటు పాఠశాలలో సైన్సు చెబుతోంది. తన తరగతి పిల్లలను కళాశాలకు తీసుకువచ్చి ఆ శిఖరం చూపిస్తానని నిరుడు అడిగింది. గది తాళం తీయించలేకపోయాను.

పైవాటిని మీ ముందు ఉంచి, ఈ క్రింది కోరికలను గట్టిగా అడుగుతున్నాను.

1. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు కలిపి ఒక ఉమ్మడి అణుకేంద్రక ప్రయోగశాల ఏర్పాటు చేయండి. అన్ని కళాశాలల విద్యార్థులూ వారానికొక రోజు వంతులవారీగా వాడుకునేలా రెండు గామా డిటెక్టర్లు, ఒక ఎనలైజరు, వాటిని బాగుచేయడం వచ్చిన ఒక టెక్నీషియను ఉంటే పని మొదలవుతుంది. భవనం కట్టనక్కరలేదు, వాన రాని గది చాలు.

2. భౌతికశాస్త్ర సెక్షనులో చేరినవారి సంఖ్య తక్కువన్న ఒక్క కారణంతో దాన్ని రద్దు చేయవద్దు. మూడు నాలుగు కళాశాలల విద్యార్థులను కలిపి ఒకచోట చదివించే వీలు కల్పించండి, బస్సు పాసు ఇవ్వండి.

3. ఢిల్లీ, కోల్‌కతా యాక్సిలరేటర్ కేంద్రాలకు ఏటా ఈ రెండు జిల్లాల నుంచి కొందరు విద్యార్థులను, వారితోపాటు ఒక అధ్యాపకుణ్ణి ప్రభుత్వ ఖర్చుతో పంపండి. ఎంపికలో సముద్రతీర మండలాలకు, ఏజెన్సీ మండలాలకు పాలు ఉండాలి. చూసివచ్చినవారు తమ కళాశాలలో తెలుగులో చెప్పాలన్న షరతు పెట్టండి.

4. శాస్త్రవేత్తలకు నా మనవి వేరుగా. మా జిల్లాకు అణువు పేరుతో వచ్చినవారిలో భూసేకరణ అధికారులు ఉన్నారు, సర్వేయర్లు ఉన్నారు, పోలీసులు ఉన్నారు. పాఠం చెప్పడానికి వచ్చినవారిని నా ఉద్యోగకాలంలో వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. మీరు ఏడాదికి రెండు రోజులు రండి. మీ ప్రయోగంలో దొరికిన అసలు దత్తాంశాల్లో కొంత మా పిల్లలకు ఇచ్చి, శిఖరాలు వారినే వెదకమనండి. అరుదైన కేంద్రకాల గురించి డిగ్రీ స్థాయిలో తెలుగులో ఒక పాఠ్యగ్రంథం రాయండి. పారిభాషిక పదాలకు సాయం కావాలంటే నాలాంటి రిటైరైనవాళ్లం సిద్ధంగా ఉన్నాము.

5. కొవ్వాడ నుంచి భావనపాడు దాకా తీరగ్రామాల్లో సహజ రేడియేషన్ స్థాయిని స్థానిక విద్యార్థులను కలుపుకుని కొలిపించి, ఊరూరి అంకెలను తెలుగులో, ఆ ఊరి సచివాలయం గోడమీద పెట్టించండి. ఈ కొలత కొవ్వాడ నిర్ణయంతో ముడిపెట్టవద్దు. రియాక్టరు వచ్చినా రాకపోయినా, ఇవాళ్టి అంకె ఏమిటో రేపు పోల్చుకోవడానికి ఉండాలి.

6. రెండు జిల్లాల్లో మూతపడిన భౌతిక, రసాయన ప్రయోగశాలలన్నిటిలో రేడియోధార్మిక బిళ్లల జాబితా తయారుచేయించి, నిబంధనల ప్రకారం భద్రపరచండి లేదా అప్పగించండి. దీనికి బడ్జెట్ అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు. ఇది అన్నిటికన్నా ముందు జరగాలి.

ఈ లేఖకు వచ్చే విద్యాసంవత్సరం ప్రవేశాల ప్రకటన వెలువడేలోపు లిఖితపూర్వకమైన సమాధానం కోరుతున్నాను. ఆరింటిలో ఏది వీలవుతుందో, ఏది కాదో, కాకపోతే ఎందుకు కాదో విడివిడిగా రాయండి. నా మూడు పాత విన్నపాల నకళ్లు, డిటెక్టరు ఫోటోలు, ఇరవై రెండు సంవత్సరాల ఇసుక కొలతల పుస్తకం నా దగ్గర ఉన్నాయి. ఏ అధికారి అడిగినా తీసుకువస్తాను. కాలిపోయిన హైవోల్టేజి పెట్టెను బాగుచేయగల మెకానిక్ విశాఖపట్నంలో ఒకరు దొరికారు, గది తాళం ఇప్పిస్తే ఆయనను నా ఖర్చుతో తీసుకువస్తాను. స్ఫటికం మాత్రం కొత్తది కావాలి.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
శ్రీకాకుళం జిల్లా